రెండో మాట

శుభ శుక్రవారం దగ్గరపడిందంటే కొండప్ప నోరు ఒకచోట, చేయి ఒకచోట ఉంటాయి. ఏటా ఆ మధ్యాహ్నం ఊరి చర్చిలో, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల గురించి ఏడుగురు మాట్లాడతారు. ఎవరికి ఏ మాటో పాస్టరు ముందే పంచిపెడతాడు. ఈసారి కొండప్పకు రెండో మాట వచ్చింది. పక్క సిలువ మీద వేలాడుతున్న దొంగకు ప్రభువు పరదైసులో, అంటే స్వర్గంలో, చోటిస్తానన్న మాట అది. కిందటేడు కొండప్ప మాట్లాడితే ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. ఈసారి మగవాళ్లను కూడా ఏడిపించాలని ఆయన పట్టుదల. అందులో తప్పేమీ లేదు. ఆ సాధన బోరు దగ్గర పెట్టుకోవడమే తప్పయింది.

మంగళవారం పొద్దున బయ్యన్న చీనీ తోటలో, అదే బత్తాయి తోటలో, బోరు మోటారు పైకి తీస్తున్నారు. మోటారు కాలిపోయి వారమైంది. చెట్లు ఆకులు ముడుచుకుని నిలబడ్డాయి. పిందె రాలడం మొదలైంది. ఇంకొన్నాళ్లు నీళ్లు తగలకపోతే పిందె సంగతి దేవుడెరుగు, చెట్లే ఎండిపోతాయి. పామిడి చుట్టుపక్కల బోరు మోటార్లు తీయడంలో కొండప్పది పేరున్న చేయి కాబట్టి, బయ్యన్న తెల్లారకముందే వచ్చి ఆయన్ని బండి మీద ఎక్కించుకుపోయాడు.

బోరు మీద మూడు కాళ్ల స్టాండు నిలబెట్టి, చైనుతో ఒక్కో పైపూ పైకి లాగుతున్నారు. పైపు పూర్తిగా బయటికి వచ్చాక, దాని కిందున్న పైపు మెడకు ఇనుప క్లాంపు వేసి, రెండు బోల్టులూ పానాతో బిగించి, క్లాంపును బోరు మూతి మీద కూర్చోబెట్టాలి. అప్పుడు చైను వదిలి పై పైపు విప్పుకోవచ్చు. ఆ కాసేపూ లోపలున్న పైపులూ మోటారూ అన్నిటి బరువూ ఆ రెండు బోల్టుల మీదే ఉంటుంది. మోటారుకు కట్టిన నైలాను తాడు ఎర్రన్న చేతిలో ఉంది. పక్కన నేలలో పాతిన రాతికూసానికి ఒక చుట్టు తిప్పి, పైపు లేచేకొద్దీ తాడు గుంజుకోవడం వాడి పని.

ఎర్రన్న కొండప్ప తెచ్చుకున్న మనిషి. పనికీ తెచ్చుకున్నాడు, ప్రభువు దగ్గరికీ తెచ్చుకున్నాడు. పోయిన వానాకాలం దాకా తాగి ఎక్కడంటే అక్కడ పడిపోయేవాడు. అప్పటి నుంచి చుక్క ముట్టలేదు. ఈ ఈస్టరు ఆదివారం వాడికి బాప్తిస్మం.

"ఆ దొంగ సూడండి, అయ్యలారా, అమ్మలారా…" అని గొణుక్కుంటూ కొండప్ప క్లాంపు వేశాడు. ఒక బోల్టు పానాతో బిగించాడు. రెండోది వేళ్లతో తిప్పుతుండగా ప్రసంగంలో ఒక మంచి మాట తట్టింది. అది జారిపోకుండా రెండుసార్లు పైకి అనుకుని, తృప్తిగా తల ఊపి, చైను దగ్గరున్న కూలీతో "ఇడ్సప్పా చైను" అన్నాడు.

చైను వదులయింది. క్లాంపు ఒక పక్కకు నోరు తెరిచింది. పైపు సర్రున లోపలికి జారింది. ఎర్రన్న ముందుకు ఈడ్చుకుపోయి కూసానికి గుద్దుకున్నాడు. రెండు కాళ్లూ రాతికి తన్నిపెట్టి పట్టుకున్నాడు. తాడు వాడి చేతుల్లోంచి పొగలేస్తూ పోయింది. దాని కొస బోరులోకి మాయమయ్యాక, ఎక్కడో అడుగున ధడ్‌మని చప్పుడైంది.

ముందు బయ్యన్నే తేరుకున్నాడు. "తాడు ఇడ్సినాడప్పా నా కొడుకు! తాగుబోతు నా కొడుకును బోరు కాడికి ఎవురు తెమ్మనినారప్పా నిన్ను? నా తోట నాశినం చేసినాడు గదప్పా!"

కొండప్ప క్లాంపు వైపు చూశాడు. రెండో బోల్టు నట్టు మర కొసకు వచ్చి వేలాడుతోంది. ఎవరైనా వంగి చూస్తే తెలిసిపోతుంది. ఎవరూ వంగలేదు. కొండప్పే వంగి, క్లాంపు తీసి, సామాన్ల సంచిలో వేసి, సంచి మూతి ముడేశాడు. ఆ పని చేయమని చేతికి ఆయన చెప్పలేదు. చేయి తనంతట తనే చేసింది.

"సెప్పు కొండప్పా, వాడు పొద్దున్నే తాగొచ్చినాడా ల్యాదా?"

"ఈ పొద్దు తాగినట్ల ల్యాదన్నా" అన్నాడు కొండప్ప. అబద్ధం కాదు. నిజం అంతకన్నా కాదు. బయ్యన్న కోపం చల్లారాక చెబుదాంలే అనుకున్నాడు.

ఎర్రన్న రెండు పిడికిళ్లూ బిగించి చంకల్లో పెట్టుకుని నిలబడ్డాడు. "నా చేతుల్లోంచే పోయిందన్నా" అన్నాడు, ఎవరి ముఖమూ చూడకుండా. ఆ మాట అని గట్టు దిగి వెళ్లిపోయాడు.

సాయంత్రానికి ఎర్రన్న తాగి తాడు వదిలాడని ఊరంతా తెలిసిపోయింది. బుధవారానికి వాడు తాగుడు అసలు మానలేదనీ, చర్చికి పోయేది ఉత్త నాటకమనీ కూడా తెలిసిపోయింది. బుధవారం సాయంత్రం ప్రార్థన అయ్యాక పాస్టరు ప్రతాప్ సంఘంలోని పెద్దలను నిలబెట్టి మాట్లాడాడు. చిన్న వయసువాడు. పామిడి నుంచి మోటారుసైకిలు మీద వచ్చిపోతుంటాడు. ఊళ్లో ఎవరు ఎలాంటివాళ్లో కొండప్పను అడిగే తెలుసుకుంటాడు.

"కొండప్పన్నా, నువ్వు పక్కనే ఉన్నావంట. వాడు తాగినాడా?"

"ల్యాదయ్యగారూ. తాగలేదు."

"మరి తాడు ఎట్ల వదిలినాడు?"

"బరువు… బరువు శానా ఉండ్య" అన్నాడు కొండప్ప.

పాస్టరు పెద్దల వైపు తిరిగాడు. "బాప్తిస్మం తీసుకునేవాడికి బయటి వాళ్ల దగ్గర మంచి సాక్ష్యం ఉండాల. ఊరు ఊరంతా ఇట్ల మాట్లాడుతుంటే మనం నీళ్లలో ముంచి లేపితే నవ్విపోతారు. ఈ పండక్కి వద్దు. తర్వాత చూద్దాం. ఏం ఎర్రన్నా?"

వెనక చాప మీద కూర్చున్న ఎర్రన్న లేచాడు. పిడికిళ్లు ఇంకా విప్పలేదు. "అట్లే కానీండయ్యగారూ" అన్నాడు. వాడి భార్య కదిరమ్మ ఆదివారానికని కుట్టించిన తెల్ల చొక్కా పాస్టరు చేత ప్రార్థన చేయిద్దామని కవరులో పెట్టి తెచ్చుకుంది. ఆ కవరును మడిచి మడిచి కొంగు కిందికి తోసుకుంది. కొండప్ప అది చూశాడు. చూడకపోతే బాగుండేదనుకున్నాడు.

ఇంటికి వచ్చి ప్రసంగం ముందేసుకున్నాడు. ఆ దొంగ మాట్లాడే చోటికి వచ్చేసరికి నాలుక మొరాయించింది. పక్క సిలువ మీది మరో దొంగతో వాడు అంటాడు: మనకు పడింది మన పనులకు తగిన శిక్షే, ఈయన మాత్రం ఏ తప్పూ చేయలేదు. ఎన్నిసార్లు మొదటి నుంచి ఎత్తుకున్నా అక్కడికి వచ్చేసరికి అదే పరిస్థితి. ఆ దొంగకు చేతులూ కాళ్లూ మేకులతో కొట్టేశారు. అయినా నోరు ఆడింది. తనకు చేతులూ కాళ్లూ ఆడుతున్నాయి, నోరే ఆడటం లేదు.

పొయ్యి ముందు సంకటి గెలుకుతున్న భార్య రెబెకా తల తిప్పింది. "ఏమయ్యా, ఆడికొచ్చి ఆడ్నే నిలబడిపోతాండావు?"

"ఏంల్యా. గొంతు పట్టుకున్యాది."

"పోయినేడు పట్టుకోల్యే" అంది రెబెకా. కానీ ఆమె ఇంకేమీ అడగలేదు. అడిగితే బాగుండునని కొండప్పకు అనిపించింది.

గురువారం పని ఉందని చెప్పి బయలుదేరినవాడు పనికి పోలేదు. కాళ్లు ఎర్రన్న ఇంటికి తీసుకుపోయాయి. వాకిలి తెరిచే ఉంది. ఎర్రన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కదిరమ్మ పళ్లెంలో అన్నం కలిపి ముద్దలు చేసి వాడి నోట్లో పెడుతోంది. చిన్నపిల్లవాడికి పెట్టినట్టు పెడుతోందే అని కొండప్ప ముందు తెల్లబోయాడు. అప్పుడు మోకాళ్ల మీద వెల్లకిలా ఉన్న ఆ చేతులు కనిపించాయి.

రెండు అరచేతుల్లోనూ అడ్డంగా తోలు లేచిపోయింది. పసుపూ నూనే రాసిన చోట కూడా ఎర్రగా తేమ కారుతోంది. వేళ్లు ముడుచుకునే ఉన్నాయి, చాచడానికి రావడం లేదు.

కొండప్ప గడపలోనే కూర్చున్నాడు. ముప్పై ఏళ్లు తాళ్లతో బతికినవాడికి ఇంకెవరూ చెప్పక్కర్లేదు. తాడు వదిలేసినవాడి చేతులు ఇలా కాలవు. వదలనివాడి చేతులే కాలతాయి.

"ఇడ్సలేదు నువ్వు" అన్నాడు.

"ల్యా."

"బోల్టు బిగియ్యలేదు నేను. వాక్యం చెప్పుకుంటా ఇడ్సిపెట్టినా."

"తెలుసన్నా" అన్నాడు ఎర్రన్న. అన్నం నమిలి మింగాక మళ్లీ అన్నాడు. "నేను సూస్తాంటి. వేళ్లతో తిప్పితివి, పానా పెట్టలేదు. పెడతావులే అనుకుంటి. అంతలోకే ఇడ్సమంటివి."

కొండప్ప మూడు రోజులుగా ఎవరికీ తెలియదనుకుని సంచిలో దాచుకున్నది ఈ మనిషికి మొదటి నిమిషం నుంచే తెలుసు. "మరి ఒగ మాట చెప్పకపోతివే, ఎర్రన్నా? బయ్యన్న అన్ని మాట్లంటాంటే, అయ్యగారు బాప్తిస్మం ఆపుతాంటే, చెప్పకపోతివే!"

"నా మాట ఎవురింటారన్నా? అదీ గాక…" ఎర్రన్న సిగ్గుపడ్డట్టు తల వంచాడు. "సారాయంగడి ముందర పడిపోయినోన్ని నన్ను ఎత్తుకొచ్చినోనివి నువ్వు. నీ పేరు పోతే చర్చి పేరే పోతాది. నా పేరు ఎట్లాగూ పోయిందే. ఇంగొంచెం పోతే ఏమి? నువ్వే చెప్తివి గదన్నా, సిలువంటే ఒగని తప్పు ఇంగొగడు మోసేదని. సరే, నేను మోస్తానులే అనుకుంటి."

కొండప్ప ఎన్నో ప్రసంగాలు చేశాడు. తను చెప్పిన మాట ఇలా ఎదురుగా వచ్చి కూర్చోవడం ఎప్పుడూ చూడలేదు. సిగ్గు ముంచుకొచ్చింది. దానితోబాటే మూడు రోజులుగా తప్పిపోయిన ధైర్యం కూడా వచ్చింది. ఏం చేయాలో ఇప్పుడు స్పష్టంగా తెలిసింది.

"తప్పుగా చెప్పినాను రా. ల్యాకుంటే నువ్వు తప్పుగా ఇన్నావు" అన్నాడు. "ఆ పనికి ఒకాయనే వచ్చినాడు. ఆయన దాన్ని చేసి ముగించినాడు. మళ్లా నువ్వు చెయ్యాల్సిందేమీ మిగల్లేదు. నా తప్పు ఒప్పుకోని ఆయన మీద ఏసి నేను బతకొచ్చు. ఒప్పుకోకుండా నీ మీద ఏసి బతికితే అది రక్షణ గాదప్పా, దొంగతనం. నన్ను క్షమించు."

ఆయన వంగి ఎర్రన్న పాదాలు పట్టుకోబోయాడు. ఎర్రన్న గాభరాపడి కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. "లెయ్యన్నా, లెయ్. నేను ఆ పొద్దే క్షమించినా."

కదిరమ్మ పళ్లెం కింద పెట్టింది. "ఈయప్ప క్షమించినాడు, నేనింకా క్షమించలేదు" అంది. "చాటుగా ఈడికొచ్చి మాకు చెప్తే ఏం లాభమన్నా? ఈయప్పను ఊరంతా తాగుబోతనె. యాడ నిందేసినారో ఆడ చెప్పు. అప్పుడు నేనూ క్షమిస్తా."

"నువ్వు చెప్పిందే న్యాయం, కదిరమ్మా" అన్నాడు కొండప్ప. లేచి తిన్నగా పామిడి పోయి, వెల్డింగు షాపులో దగ్గరుండి, బోరులో పడ్డ పైపును పట్టి లాగే ఇనుప గాలం చేయించాడు. మూడు కొక్కేలు లోపలికి వంగి ఉండేలా, పైపు తల దూరితే మళ్లీ బయటికి రాకుండా.

శుక్రవారం పొద్దున తెల్ల చీర కట్టుకుని చర్చికి తయారవుతున్న రెబెకాకు ఆయన సంగతంతా చెప్పాడు. ఆమె పిన్నీసు చేతిలో పట్టుకుని చివరిదాకా విన్నది.

"రెండో మాట నా బదులు నువ్వు చెప్పు."

"నేనా? మైకు ముందర నా కాళ్లు నిలబడవయ్యా!"

"పెద్ద ప్రసంగం వద్దు. ఇప్పుడు నీకు చెప్పింది చెప్పు. సాలు."

రెబెకా భర్త ముఖంలోకి కొంతసేపు చూసింది. "మూడు దినాలుగా నా పక్కన ఎవరో పరాయి మనిషి పండుకున్నట్లుండ్య" అంది. "ఇప్పుడు నువ్వొచ్చినావు. పో, నేను చెప్తా."

కొండప్ప తోటకు వెళ్లేసరికి బయ్యన్న ట్యాంకరు నీళ్లు చెట్ల పాదులకు పట్టిస్తున్నాడు. అన్ని చెట్లకూ ఆ నీళ్లు ఏ మూలకు? మనిషి నిద్రలేక కళ్లు ఎర్రబడి ఉన్నాడు. కొండప్ప చెప్పులు విప్పలేదు, చేతులు నలపలేదు. బోరు దగ్గర నిలబడి చెప్పాడు.

"అన్నా, మోటారు ఎర్రన్న పడెయ్యలేదు. నేను పడేసినా. బోల్టు బిగియ్యకుండా చైను ఇడ్సమన్యా. నువ్వు వాన్ని తిడతాంటే నోరు మూసుకున్యా."

బయ్యన్న చేతిలోని నీళ్ల పైపు కింద పడేశాడు. నీళ్లు కాసేపు కాలువ గట్టు మీదే పారాయి. "మూడు దినాలు నోట్లో ఏం పెట్టుకున్యావప్పా?"

"భయం."

"ఇప్పుడు ల్యాదా?"

"ఉండాది. అయినా చెప్తాండా."

బయ్యన్న నోటికి వచ్చిందల్లా తిట్టాడు. కొండప్ప ఒక్క మాటకూ ఎదురు చెప్పలేదు. పడాల్సినవే పడుతున్నానని ఉంది ఆయనకు. "ఇంగ ఈ చుట్టుపక్కల నిన్ను ఒగడన్నా బోరు కాడికి రానిస్తాడా?" అన్నాడు బయ్యన్న చివరికి.

"రానియ్యకపోవచ్చు."

"మరి ఇంగా నిలబడినావే? పో!"

"పోనన్నా. మోటారు తీసి పోతా. గాలం తెచ్చినా."

"ఈ పొద్దు మీ పండగ గదప్పా."

"పండగ గాదన్నా. మా కోసరం ఆయన సచ్చిపోయిన దినం. ఈ పని ఈ పొద్దే చెయ్యాల."

బయ్యన్న ఉమ్మి వేసి ట్యాంకరు వైపు నడిచాడు. పొమ్మనలేదు. కొండప్ప దానినే సెలవుగా తీసుకున్నాడు.

ఒక్కడే స్టాండు నిలబెట్టాడు. గాలం తగిలించిన ఇనుప తీగ పై కొసను స్టాండు చైనుకు కట్టి, చుట్ట విప్పుతూ బోరులోకి దించాడు. ఈ పనిలో కళ్లకు పని లేదు. తీగ మీద రెండు వేళ్లు ఆనించి, అడుగున ఏం తగిలిందో ఆ వేళ్లతోనే వినాలి. ఒకసారి రాయి గీసుకుంది. ఒకసారి ఏదో దొరికినట్టే దొరికి జారింది. మళ్లీ ఎత్తాడు, మళ్లీ దించాడు. ఉపవాసం కడుపులో ఎండ మండుతోంది. అయినా మనసు మాత్రం తేలిగ్గా ఉంది. గొణుక్కోవడానికి ఇవాళ ప్రసంగం లేదు. ఉన్నదంతా ఈ తీగే.

మధ్యాహ్నం చర్చి మైకు గరగరమంది. గాలి ఇటే వీస్తోంది. పాటలయ్యాయి. మొదటి మాట ఎవరో పెద్దాయన చాలాసేపు చెప్పాడు. ఆ తర్వాత రెబెకా గొంతు వినిపించింది. వణుకుతోంది గానీ ఆగలేదు.

"నాకు ప్రసంగం రాదు. నా మొగుడు కొండప్ప చెప్పమన్న మాట చెప్తా. బయ్యన్న బోర్లో మోటారు పడింది ఎర్రన్న వల్ల గాదు. నా మొగుడు బోల్టు బిగియ్యలేదు, దాన్ని దాచిపెట్టినాడు. ఎర్రన్న తాగలేదు. తాడు ఇడ్సలేదు. సూడాలంటే ఆయప్ప చేతులు సూడండి. సిలువ మీద ఆ దొంగ ఏమన్యాడు? నాకు పడింది న్యాయమే, ఈయన తప్పు చెయ్యలేదన్యాడు. ఆ మాటన్యాకే పరదైసు దొరికింది వానికి. నా మొగుడు గూడా ఈ పొద్దు అదే మాటంటాండాడు. అంతే."

మైకులో ఎవరో దగ్గారు. కొండప్ప కళ్లు తుడుచుకోలేదు. చేతులు తీగ మీదున్నాయి.

వెనక అలికిడైంది. బయ్యన్న ఎప్పుడు వచ్చాడో గట్టు మీద నిలబడి ఉన్నాడు. "నాకు చెప్తివి గదప్పా. మళ్లా మైకులో ఊరంతటికీ చెప్పించుకునేదెందుకు?"

"నింద ఊరంతా ఇన్యాది గదన్నా."

బయ్యన్న పోలేదు. అక్కడే గట్టు మీద కూర్చున్నాడు.

నాలుగో మాట నడుస్తుండగా ఎర్రన్న వచ్చాడు. ఒంటి మీద తెల్ల చొక్కా ఉంది. చేతులకు గుడ్డలు చుట్టి ఉన్నాయి. "అయ్యగారు అందరి ముందర నా కాడికొచ్చినాడన్నా" అన్నాడు కొండప్పతో. "అడగాల్సింది అడక్కపోతినని ఏడ్సినాడు. ఆదివారం బాప్తిస్మం ఉండాదంట. కదిరమ్మ గూడా నీకొక మాట చెప్పమంది. క్షమించినాదంట."

"చర్చి ముగియ్యలేదు గదరా. నువ్వేల వస్తివి?"

"ఈడ ఒక్కనివే గదన్నా."

బయ్యన్న లేచి దగ్గరికి వచ్చాడు. "ఏదీ, సూపీ" అన్నాడు. ఎర్రన్న పళ్లతో గుడ్డ లాగి విప్పాడు. బయ్యన్న ఆ అరచేతులు చూసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆయన వంశంలో ఎవరైనా పనివాడి ముందు తప్పు ఒప్పుకున్న దాఖలా లేదు. మాట గొంతులో చాలా దూరం నుంచి రావాల్సి వచ్చింది.

"నేను… ఆ పొద్దు నిన్ను అట్ల అనకూడదుండ్య రా ఎర్రన్నా."

"పోనీలేన్నా."

అప్పుడే కొండప్ప వేళ్ల కింద తీగ బిగుసుకుంది. మెల్లగా లాగి చూశాడు. జారలేదు. ఇంకాస్త లాగాడు. అడుగున ఏదో బరువు కదిలింది. "దొరికింది" అన్నాడు ఊపిరి బిగబట్టి. "చైను గుంజాల. నేను తీగ ఇడ్సేదానికి ల్యా. ఎవురన్నా పట్టండి!"

ఎర్రన్న గుడ్డ చుట్టుకుంటూ ముందుకు ఉరికాడు. బయ్యన్న వాడి భుజం మీద చేయి వేసి ఆపాడు. "ఆ చేతులతో పట్టలేవు. జరుగు" అని, భుజం మీది తువ్వాలు నడుముకు బిగించి, వచ్చి చైను పట్టుకున్నాడు. లాగాడు. ముఖం కందిపోయింది. పాదాలు మట్టిలో జారాయి.

"అబ్బా! ఇంత బరువుంటాదా ఇది!"

"ఉంటాదన్నా" అన్నాడు ఎర్రన్న. "నడుముతో గుంజు. కాలు ఆ రాతికి తన్నిపెట్టు. తొందర పడాకు, నేను చెప్తా."

వాడు చెప్పినట్టల్లా బయ్యన్న లాగాడు.